ఊల్సెన్‌కి ఇవతల

కరెంటు తీగ తెగింది. బీట్‌రూట్ పొలాల మధ్య
రైలు నిలబడిపోయింది.
"కొద్ది నిమిషాల్లో" అంది పైకప్పులోని గొంతు.
రెండో గంటకీ అదే "కొద్ది",
రబ్బరులా సాగుతూ.

దీపాలు ఆరాయి. మా ఊపిరే
కిటికీలకి మంచై పట్టింది.
ఎవడో తలుపు పిడి గుంజుతున్నాడు,
పక్క పట్టాల మీద గూడ్సుబండి వస్తే?

అప్పుడొచ్చింది కండక్టరు వీబ్కె,
చంకలో టార్చి, చేతుల్లో నీళ్ల సీసాలు.
"నాకు తెలిసిందింతే. ఇంకో నాలుగు గంటలు, ఎక్కువే కావచ్చు.
ఆరో బోగీలో మరుగుదొడ్డి పనిచేస్తోంది.
పసిపిల్లలున్నవాళ్లు చెయ్యెత్తండి."

నాలుగు గంటలు!
అయినా ఎందుకో అందరం కూర్చున్నాం.
పిడి గుంజినవాడే తన కోటు విప్పి
ఎదుటి ముసలామె మోకాళ్ల మీద కప్పాడు.

తెల్లారి బస్సెక్కుతుంటే ఫారం ఇచ్చారు, సగం డబ్బు వాపసుకి.
"కలిగిన ఇబ్బంది" అన్న గడిలో
రాశాను:
మొదటి రెండు గంటలు.