నాలుగో రోజు కొండ

మూడ్రోజులుగా కుడివైపంతా సముద్రమే.
వైపర్ ఒకటి పనిచేయదు, అది ఆంబ్రోస్ వైపుది.
పొద్దున ఓ కొండ, మధ్యాహ్నం మళ్ళీ రోడ్డు,
రాత్రి హీటర్ మీద ఆవిరి కక్కే తడి సాక్సులు.

ఈరోజు అతని మోకాలు కారు దిగనంది.
"నువ్వెళ్ళు డోర్కస్,
నేను పొగమంచుకి కాపలా ఉంటా."

వెనక ఆ ఆయాసం వినబడదు.
అలవాటుగా ప్రతి మలుపులో ఆగాను,
ఎవరికోసమో గుర్తొచ్చి కదిలాను.

పైనుంచి
న్యూఫౌండ్లాండ్ తీరమంతటికీ
ఎర్రటి గురిగింజంత కారు.
హెడ్‌లైట్లు రెండుసార్లు వెలిగి ఆరాయి.
కాసేపాగి, మళ్ళీ.

నేనెక్కడున్నానో అతనికి కనబడదు.
అందుకని
కొండ మొత్తానికీ కన్ను కొడుతున్నాడు.

దిగొచ్చి, టోపీలోని పుల్లటి పళ్ళు ఒళ్ళో పోసి
"బ్యాటరీ అయిపోతుంది, ముసలోడా" అన్నాను.