మరమేకు

ఎయిబర్‌లో వాన కొండ మీంచి నేరుగా వీధిలోకి దిగదు,
ముందు కార్ఖానాల రేకుల మీద కాసేపు కూర్చుంటుంది.
అలాంటి ఓ మంగళవారం
రొట్టెల సంచీలో వాళ్ళ నాన్న రివాల్వరు పెట్టుకుని
ఇడోయా వచ్చింది.

గుళ్ళు లేవంది.
అయినా గర్బిన్యే నమ్మలేదు,
ఆరు గదుల్లోంచీ కిటికీ వెలుతురు చూసింది.
ఆ తర్వాతే కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
పిడి తన వైపు తిప్పుకుంది.

మూడేళ్ళుగా ఆ కొట్లో గళ్ళు చెక్కడం నేర్చుకుంటున్నాను నేను.
మిల్లీమీటరుకో గీత. ఏటవాలుగా ఒక వరస, దానికెదురుగా ఇంకోటి,
రెండూ కోసుకున్న చోట ఆవగింజంత వజ్రం లేస్తుంది.
ఒక్క గీత తప్పిందా
మిగతావన్నీ తలవంచుకుని దాని వెంటే పోతాయి.

ఈ పిడి మీద వజ్రాలు సగం లేవు.
బొటనవేలు ఆనేచోట అక్రోటు చెక్క అరిగి
వాడిన సబ్బుబిళ్ళలా పల్లమైంది.

ఉక్కు అలా లొంగదు.
నలభై ఏళ్ళు చేతిలో ఉన్నా
పొద్దున్నే ముట్టుకుంటే ఎవరు నువ్వంటుంది.
చెక్క చెమట తాగుతుంది, అవిసె నూనె తాగుతుంది,
పట్టుకున్నవాడి వేడిని కాసేపు దాచి
వాడికే తిరిగిస్తుంది.
పిడికిలికి ఇంకేం కావాలి?

"రబ్బరువి ఉన్నాయి, జారవు" అన్నాను.
"వెయ్యడానికి కాదు, విప్పడానికొచ్చాను" అంది ఇడోయా.
"ఇరవై ఆరేళ్ళు బ్యాంకు గుమ్మం కాశాడు.
అట్టముక్కలు తప్ప దేన్నీ కాల్చలేదు.
రేపు స్టేషన్లో ఇచ్చేస్తే కరిగిస్తారట.
ఈ రెండు చెక్కలూ నాకియ్యండి."

ఒకే ఒక్క మరమేకు.
నాలుగు చుట్లకి ఊడొచ్చింది.

లోపలివైపు చెక్క లేతగా, ఏ చెయ్యీ తగలకుండా ఉంది.
దాని మీద పెన్సిలుతో రెండు పొడక్షరాలు.
"ఎవరు చెక్కారు?"
"ఏమో. ఆ రోజుల్లో ఈ బల్ల చుట్టూ పదకొండు మంది ఆడవాళ్ళం.
పేరు రాస్తే మేస్త్రీ తిట్టేవాడు. లోపల రాసేవాళ్ళం."

అప్పుడు చూశాను, బల్ల మీద మిగిలినదాన్ని.
ఇనప చట్రం, బద్దీ లాంటి స్ప్రింగు, మడ్డి నూనె.
ఏ పనికి పుట్టిందో ఆ పని తప్ప
దాని మొహాన మరో మాట లేదు.
మూడేళ్ళుగా నేను చేస్తున్నది
చేతికి నచ్చజెప్పడం.

ఇడోయా రెండు చెక్కల్నీ ఒకదానికొకటి ఆనించి పట్టుకుంది,
మధ్యలో ఏమీ లేకుండా.
ఆమె బొటనవేలు ఆ పల్లంలో సరిపోలేదు, చిన్నది.
అయినా అక్కడే ఉంచింది
వాన తగ్గేదాకా.

గర్బిన్యే డబ్బు తీసుకోలేదు.
మరమేకు మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.
రేకు డబ్బాలో పడేస్తూ
"ఎప్పుడో ఒకప్పుడు దేనికో పనికొస్తుందిలే" అంది.

ఆ మాట నాకంత మంచి కబురులా వినపడలేదు.
ఉలి తీసుకుని
పద్నాలుగో గీత దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను.