పదిహేడో నంబరు

బరంపురంలో దర్జీ టేపు తీసి
మళ్లీ వేశాడు.
"కుడి భుజం వేలెడు కిందికుంది బాబూ,
చిన్నప్పుడు ఏం మోశారు?"
నవ్వి ఊరుకున్నాను.
కావిడి అనుకున్నాడో, చేపల తట్ట అనుకున్నాడో.

మోసింది పద్నాలుగు కర్రల సంచీ.
గోపాలపురం ఒడ్డున, సరుగుడు తోట వెనక
మిలిటరీ వాళ్ల తొమ్మిది గుంతల మైదానం.
గుంత చుట్టూ గడ్డి ఉండేది కాదప్పుడు.
ఇసకలో కాలిన ఇంజను నూనె కలిపి
తొక్కి తొక్కి చదును చేసిన నల్లటి వలయం.
దొరలు ముందుకెళ్లాక గోనె ఈడ్చి
అడుగుల గుర్తులు చెరిపేది మా గుంటలమే,
మా అడుగులతో సహా.

తెల్లారగట్ల మా అయ్య తెప్ప తోసే వేళకి
నేను గేటు దగ్గర గొంతుక్కూర్చునేవాణ్ణి.
బైధర్ నాహక ఒడియాలో ఓ తిట్టు తిట్టి
ఇత్తడి బిళ్ల చేతిలో పడేసేవాడు.
పదిహేడు.
అది మెళ్లో పడ్డాక
మైలపల్లి దానేసు అనేవాడు మధ్యాహ్నం దాకా లేడు.
"సత్రా! బాల్ కిధర్ గయా?"

ఎక్కడికి పోతుంది సార్,
మొగలి పొదలోకే పోతుంది.
లోపల ముళ్లు, వాసన, వాసనకి చేరిన పాము.
కర్రతో రెండుసార్లు కొట్టి
మూడోసారి చెయ్యి పెట్టాలి.
దొరికితే పావలా.
అప్పుడు దొరకనిది, రాత్రి లాంతరుతో వెళ్తే దొరికేది,
బజార్లో రూపాయికి.

చదువు ఏడు దాకా.
గాలి మాత్రం అయ్య దగ్గర చదివాను.
జెండా గుడ్డ ఒకవైపు, సరుగుడు కొసలు ఇంకోవైపు ఊగితే
కింద గాలి అబద్ధం, పై గాలి నిజం.
ఒకనాడు కర్నల్ బోపయ్య ఏడో కర్ర అడిగితే
అయిదోది అందించాను.
నా వంక చూశాడు, సముద్రం వంక చూశాడు,
ఏమనుకున్నాడో, కొట్టాడు.
బంతి నీలంలోకి లేచి, గాలికి ఒరిగి,
కొంగ వాలినట్టు వాలింది, గుంతకి జానెడు దూరంలో.
మర్నాటి నుంచి నంబరు చెప్పలేదాయన,
వెనక్కి చూడకుండా చెయ్యి చాపేవాడు.

ఇంకొకాయన బూటు మొనతో బంతిని జరిపేవాడు.
సరిగ్గా అప్పుడే
నాకు సంచీ పట్టీ సర్దుకోవలసి వచ్చేది.
అదీ పనిలో భాగమే.
ఇన్నేళ్లయినా పేరు చెప్పను.

ముందు రెండు చక్రాల బండి వచ్చింది.
భుజానికి సెలవు, కూలికి కోత.
తర్వాత బ్యాటరీ కారు,
పిల్లిలా చప్పుడు లేకుండా వచ్చి పక్కన నిలబడింది.
నలభై మందిమి పన్నెండయ్యాం,
ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాం.
గురువులు సూరతు మగ్గాల మీదికి పోయాడు,
ఎర్రోడు పారాదీప్‌లో ట్రాలరెక్కాడు.
బైధర్ మాత్రం స్టూలు మీదే ముసలివాడై
ఎవరూ అడగని బిళ్లల్ని రోజూ చింతపండుతో తోమి
మేకులకి తగిలించేవాడట.

నా బిళ్ల నేను తిరిగివ్వలేదు.
సీసం గుండు ఊడిన చోట
అయ్య దాన్ని వలకి కట్టాడు.
ఆ వల తుపానులో పోయింది.

మొన్న వెళ్లాను, కంచె దాకా.
అంతా పచ్చగా ఉంది, నీళ్లు వాటంతటవే చిమ్ముతున్నాయి.
కుర్రాడొకడు చిన్న దుర్బిణి కంటికి పెట్టుకుని
"నూట నలభై రెండు" అన్నాడు పక్కవాడితో.
నిజమే అయ్యుంటుంది.
అంత కచ్చితంగా నేనెప్పుడూ చెప్పలేదు.
సరుగుడు కొసలు మాత్రం
జెండాకి ఎదురు తిరిగి ఊగుతున్నాయి.

నోరు తెరిచాను.
ఏ కర్ర అని ఎవరూ అడగలేదు.
బంతి మొగలి పొదల వైపు పోతుంటే
ఆటగాళ్లు ఇంకో బంతి తీశారు.

నా కాలు ఒక అడుగు ముందుకేసి
కంచె తగిలి ఆగింది.