ఫాల్గుణానికి ముందు ఒక అంచనా

ప్రిన్సిపాల్ గారు ఒక పేజీ అడిగారు.
ఈ సీజనులో మనవాళ్ళు ఎలా ఆడబోతున్నారో
సోమవారం అసెంబ్లీలో చదవాలట.
ఆటల మాస్టారు రిటైరై మూడేళ్ళయింది.
పోస్టు రాలేదు, విజిల్ మాత్రం
నా మెడలోకి వచ్చింది.
నేను చెప్పేది ఎకనామిక్స్.
అంచనాలు తప్పడం నాకు కొత్త కాదు.

ముందుగా గ్రౌండు.
ఆగస్టు వరద పరిచిపోయిన ఒండ్రు
ఎండి, బీటలిచ్చి, కబడ్డీ కోర్టు మూలన మాత్రం
ఇంకా అడుగు కిందికి లాగుతోంది.
ప్రహరీ పడిపోయిన వైపు దాళ్వా చేను.
బంతి అటు పడితే
ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి
ఒక్క మొక్కా తొక్కకుండా
వెళ్ళి రావాలి, రైతు కేకేసేలోగా.
పాదాల కదలికలో మన జట్టుకి
ఇంతకు మించిన శిక్షణ లేదు.

వాలీబాల్ నెట్టు నడుమ చిరిగింది.
కొల్లాటి సింహాద్రి రెండు సాయంత్రాలు గొంతుక్కూర్చుని
నైలాను దారంతో కన్నుకి కన్ను కలిపాడు.
వాళ్ళ నాన్న వల ముక్కే అతికాడని తర్వాత తెలిసింది.
నీచు వాసనని అవతలి జట్టు
ఫిర్యాదు చేయవచ్చు.
చేయనీ.

కబడ్డీకి మట్టపర్తి సూరిబాబు కెప్టెన్.
రాత్రుళ్ళు రొయ్యల చెరువు కాపలా.
కూతకెళ్తే
తెల్లార్లూ తిరిగే ఏరేటరే, ఆగడు.
మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్ పెడితే మాత్రం
గీత అవతల నిలబడే నిద్రపోతాడు.
పొద్దున్నే పెట్టమని యూనివర్సిటీకి రెండు ఉత్తరాలు రాశాను.

ఖోఖోకి పన్నెండుగురు కావాలి, ఎనిమిదిమంది ఉన్నారు.
మంగతాయారు మిగతా నలుగుర్ని
లైబ్రరీలోంచి లాక్కొస్తానంది.
లైబ్రరీలో నలుగురుంటారా అన్నాను.

పరుగుల సంగతి.
ట్రాకు లేదు గనక వశిష్ఠ పాటు మీద ఉన్నప్పుడు
లంక అంచున తడి ఇసుక మీద పరిగెడతాం.
పోటు మొదలైతే
నాలుగు వందల మీటర్లు మూడొందల అరవై అవుతాయి.
రెహనా గతవారం తీసిన టైము చూసి
నేను ఎగిరి గంతేసి,
తర్వాత పంచాంగం చూసుకున్నాను.

ఇక లాంగ్ జంప్.
గోదారి పక్కనే ఉండి
పిట్‌లోకి ఇసుకకి బిల్లు పెట్టాల్సి వచ్చింది,
ఆడిట్ వాళ్ళు ఇంకా నవ్వుతున్నారు.
దూకేది ఉండ్రు సువార్త, ఫస్టియర్.
ఆ పిల్లని నేను రేవులో చూశాను.
ఎనిమిదింపావు పంటు ఒడ్డు వదిలేసింది.
మెట్ల మీంచి, సంచి భుజానేసుకుని,
నీళ్ళ మీదుగా
మోటారు సైకిళ్ళ మధ్య దిగింది.
పంటు సరంగు తిట్టడం కూడా మర్చిపోయాడు.

ఇక్కడ మాత్రం పరిగెత్తుకొచ్చి
పలక దగ్గర ఆగిపోతుంది.
ప్రతిసారీ. తల వంచి కిందికి చూస్తుంది.
ఏమైందమ్మా అంటే
"నీళ్ళు లేవు కదండీ" అంది.

నా పుస్తకాల్లో దీనికి జవాబు లేదు.

నిన్న సాయంత్రం పలకకీ పిట్‌కీ మధ్య
పార పెట్టి జానెడు లోతు తవ్వాం.
కాలవ నుంచి ఆరు బకెట్లు.
పోస్తుండగానే ఇసుక తాగేస్తోంది,
సింహాద్రి పరిగెడుతున్నాడు, సూరిబాబు పరిగెడుతున్నాడు,
నిద్రమొహంతో, ఒలకబోసుకుంటూ.
ఏడో బకెట్‌కి
కాసేపు, కాసేపే, ఆకాశం కనిపించేంత నీరు నిలిచింది.
ఆ పిల్ల అప్పటికే గాల్లో ఉంది.

ఎంత దూరమో చెప్పలేను.
టేపు చివర పట్టుకోవాల్సినవాడు
బకెట్ పట్టుకుని ఉన్నాడు.

పోయినేడు మనకొచ్చింది ఒక్క కంచు పతకం,
అదీ క్యారమ్స్‌లో. ఈ ఏడు సంగతి
పైన రాసిందే, అంతకంటే నాకు తెలీదు.
ఈ సాయంత్రం నాలుగున్నరకి, పాటు వేళ చూసుకునే పెట్టాను,
రాగలిగినవాళ్ళు
తలా ఒక బకెట్ తెచ్చుకోండి.