ఓర్వకల్లు, పన్నెండో సంతకం

పొద్దున ఒక విమానం, మాపటికి ఒకటి.
నడుమ పన్నెండు గంటలు నిలబడేది మేము.
కుర్చీ ఉంది. కూర్చుంటే ఫైను.

స్క్రీను మీద అందరి సంచులూ కడుపుదాకా చూస్తా:
దూద్‌పేడ డబ్బా, చీర మడతలో కత్తెర.
నా జీతం చీటీ మాత్రం
ఏ మిషనుకూ దొరకదు.
యూనిఫారానికి కోత, బూట్లకు కోత,
పీఎఫ్ అని కోత –
పోయి అడిగితే ఆ నెంబరే లేదంట.

"ఏజెన్సీ మారింది మద్దిలేటీ,
పాత బాకీ మాది కాదు"
అనె కొత్త సూపర్‌వైజరు.
బోర్డు మారింది. బూట్లు అవే.

నిన్న హుసేనమ్మ
లేబరాఫీసుకు అర్జీ రాసుకొచ్చింది.
పద్దెనిమిది మందిమి, పెన్ను ఒక్కటే.
విమానం దిగే లోపల పదకొండు సంతకాలు.
పన్నెండోది నాది.

చెయ్యి కొంచెం వణికింది.
పేరు మాత్రం పూర్తిగా రాసినా,
ఇంటిపేరుతో సహా.