పన్నెండో నగ

ప్రొద్దుటూరులో నగ అంటే
ఎవరైనా బంగారంగళ్ల వీధి వైపే చూస్తారు.
మా పార్శిలాఫీసు ఆ వీధికి వెనకాల,
మురుగుకాలవ దాటితే.
మా బిల్టీ పుస్తకంలో నగ అంటే మూట.
గోనెపట్టా చుట్టిన ప్రతిదీ నగే.
తాడు తెగి దారిలో నవ్వులపాలయ్యేదీ నగే.

ఆ శనివారం కదిరి బండిలో పదకొండు నగలు.
లారీ అంతా నాదే అనగలిగినోడు
ఆ పంపినోళ్లలో ఒక్కడూ లేడు.
టైలరు మిషను తల ఒక నగ, కాళ్లు ఒక నగ.
పరుపుల కట్ట. ముగ్గుపిండి బస్తా. మైకుసెట్టు పెట్టె.
ముద్దనూరు బడికి ఇనపగంట:
ఎంత గుడ్డ చుట్టినా, ఎక్కించేటప్పుడు
ఒక్క దెబ్బ మోగనే మోగింది,
రోడ్డుమీద పోయే పిల్లోడు ఉలిక్కిపడి పరిగెత్తినాడు.

చీరల బేలు గుమాస్తాకు మిరప్పొడి డబ్బాల పక్కన చోటు ఒద్దంట.
"ఘాటు పడితే పట్టు ఎవురు కొంటారమ్మా?"
మిరప్పొడాయనకు కోపం వచ్చె,
"నా కారం తినకుండానే కట్టుకుంటారా ఆ చీరలు?"
పెద్దోబులేసు ఇద్దరినీ చూడలే.
పరుపుల కట్టను దొర్లించి నడిమిట్లో నిలబెట్టినాడు.
ముప్పై ఏండ్ల హమాలీ.
ఏ బరువు దేన్ని ఓర్చుకుంటాదో,
ఏది దేని మీద ఒరిగితే నిద్రపోతాదో
ఆయప్ప చేతులకు తెలుసు.

కడాన రెండు మూటలు, చెనిక్కాయ విత్తనం.
తలుపుల నుంచి వచ్చిన కుళ్లాయప్పవి.
బస్సులో కండక్టరు ఎక్కించుకోలేదంట.
"రాత్రి మా పక్క వాన పడిందమ్మా.
పదును మూడు దినాలు.
ఇయ్యాలకు ఒకటి పాయె."
గొంతు పెంచలేదు,
చిల్లర లెక్కపెట్టినట్టు చెప్పినాడు.

బండిలో ఇంకా ఆరడుగులు ఖాళీ.
ఫోనులో ఓనరు:
"నిండందే కదిలించొద్దు.
ఖాళీకి డీజిలు మీ నాయన పోస్తాడా?"
మా నాయన పోసేటోడే అయితే
ఈ కుర్చీలో నేనెందుకుంటాను.

నాలుగయింది. అయిదయింది.
డ్రైవరు మౌలాలి టీ తాగి, మళ్లీ టీ తాగి,
టైర్లను కాలితో తడుతా తిరుగుతాండాడు.
కుళ్లాయప్ప ఆకాశం చూడలేదు.
మా ఆఫీసు నేల చూస్తాండాడు,
సిమెంటులో కూడా తేమ వెతికినట్టు.

పుస్తకం తెరిచినాను.
కార్బను కాగితం సర్దినాను.
పన్నెండో వరస.
సరుకు: ఖాళీ.
కొలత: ఆరడుగులు.
బరువు కాడ ఏం రాయాల్నో తెలీక గీత గీసినాను.
పంపువారు: దస్తగిరమ్మ, బుకింగు క్లర్కు.
అందుకొనువారు: కుళ్లాయప్ప, తలుపుల.
కిరాయి: తొమ్మిదొందలు. జీతంలో పట్టుకొనవలెను.

పెద్దోబులేసు తల గోక్కుని అడిగినాడు,
"అక్కా, దీన్ని యాడ సర్దేది?"
"మెత్తగా పెట్టప్పా. పగిలేది."

టార్పాలిను కప్పి, తాడు బిగించి,
బండి వంకర తిరిగిందాకా నిలబడినాము.
ముద్దనూరు దారిలో, ఏ గుంతలోనో
ఆ గంట మళ్లీ ఒకసారి మోగే ఉంటాది.

మంగళవారం బిల్టీలు తిరిగొచ్చె.
ఓనరు ఆ వరస కాడ చానాసేపు ఆగినాడు.
ఏమీ అనలే.
డబ్బు మాత్రం పట్టుకున్నాడు.

పన్నెండుకు పన్నెండూ ముట్టినట్టు సంతకాలు.
విత్తనం మూటలకు కుళ్లాయప్ప పేరు, గుండ్రటి అచ్చరాలు.
ఖాళీ నగ ఎదురుగా కూడా
అదే పేరు. దాని పక్కన
చేతులు కడుక్కోకుండా పట్టుకున్న కాగితానికి
ఎర్రటి బొటనవేలి మరక,
ఇంకా పూర్తిగా ఆరలే.