నీళ్ళు వదిలిన వారం

తొమ్మిదేళ్ళు.
మానేశానని ఎవరితోనూ చెప్పలేదు.
ఒక సోమవారం వెళ్ళలేదు, అంతే.
దాని మీద మరో సోమవారం పేరుకుంది,
కాలవలో ఒండ్రు పేరుకున్నట్టు.

నీలం బెల్టు అటక మీద దొరికింది.
వరదప్పుడు పరుపులు చుట్టి
దాంతోనే కట్టిందట మా వరాలు.
"గట్టి తాడు, ఎక్కడా పిగల్లేదు" అంది.
ఆ ముడి విప్పడానికి ఇద్దరికీ పావుగంట పట్టింది.

పాలకొల్లులో కొబ్బరి గోడౌను మీద మేడ.
మెట్ల మొదట్లో 'జియు-జిట్సు' అన్న బోర్డుని
లారీలు గీసుకుపోయి సగమే మిగిలింది.
సగం మెట్ల దాకా పీచు వాసన,
అక్కణ్ణుంచి చెమట వాసన.
పైన గోడ మీది ఫోటోలో, వెనక వరసలో,
నా జుట్టుతో ఎవరో నవ్వుతున్నారు.

ఇప్పుడు నేర్పేది అబ్బులు.
వాడికి మొదటిరోజు పడ్డం నేర్పింది నేనే.
"బాబాయ్, పడ్డం గుర్తుందా?" అన్నాడు.
పడ్డం ఎవడు మర్చిపోతాడ్రా,
లేవడం గురించి అడుగు.

మొదటి జోడీ కెజియా.
నర్సింగు రెండో ఏడు, నలభై ఎనిమిది కిలోలు.
"మెల్లగా ఆడదామండీ" అంది.
ఆ మెల్లగా నా కోసమని అర్థమయ్యేసరికి
వీపెక్కేసింది.
గుర్రపుడెక్కా అంతే,
ఒక వేలు విడదీస్తే పది వేళ్ళు పట్టుకుంటాయి.
బలం పెట్టాను,
పాతికేళ్ళప్పటి బలం, యాభైమూడేళ్ళ భుజంతో.
గొంతు కింద ఆ పిల్ల మోచేతి మడత.
పరుపు మీద మూడుసార్లు తట్టాను.
చటుక్కున వదిలేసి
"ఆయ్, ఊపిరి పీల్చుకోండి బాబాయ్ గారూ" అంటూ
అలవాటుగా నాడి చూసింది.

పగలు నాది లాకుల దగ్గర లస్కరు పని.
వేసవిలో కాలవ కట్టేస్తారు.
అడుగంతా పగుళ్ళు, సీసాలు,
ఎవరిదో ఒంటి చెప్పు.
నీళ్ళు వదిలింది ఈ వారమే.
మొదటి నీరు తేటగా రాదు.
ఎర్రగా, నురగలు కక్కుకుంటూ,
చెత్తని ముందు తోసుకుంటూ వస్తుంది.

మా నాన్నా ఈ లాకుల మీదే చేశాడు.
"ఎంతమంది తోసినా
అటూ ఇటూ నీరు సమం కాందే తలుపు కదలదురా.
సమం అయ్యాక ఒక్కడు చాలు" అనేవాడు.
ఇన్నేళ్ళూ అది తలుపు సంగతే అనుకున్నాను.

రెండో జోడీ జోనా.
తొంభై కిలోలు. రొయ్యల మేత బస్తాలు మోసే ఛాతీ
నా ఛాతీ మీద.
ఈసారి తొయ్యలేదు.
మోచేయి పక్కటెముకకి ఆన్చి
వాడి ఊపిరి వింటూ పడుకున్నాను.
రేకుల మీద వాన మొదలైంది.
నాలో ఎక్కడో బెత్తెడు నీరు పెరిగింది.
జోనా బరువు మార్చాడు,
ఆ సందులోంచి నా నడుము జరిగింది.
జానెడు.
గెలవలేదు. జానెడు జరిగాను.
మరుక్షణం చెయ్యి చిక్కితే మళ్ళీ తట్టాను.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటే
లేవలేకపోయాను.
వరాలు ఆముదం వెచ్చబెట్టి
కమిలిన చెవి చూసింది.
"ఈ వయసులో ఎవడితో పెట్టుకున్నావ్?"
"కెజియాతో."
నవ్వి నవ్వి ఆముదం ఒలకబోసింది.

ఎందుకెళ్ళావని మాత్రం అడగలేదు.
అడిగితే ఏం చెప్పను?
మా లాకుల్లోకి పడవ వచ్చి ఇరవై ఏళ్ళయింది.
అయినా ఏటా మేలో
తలుపుల కీళ్ళకి గ్రీజు పూస్తాం.

బెల్టు ఉతికి దండెం మీద వేశాను.
పరుపులు కట్టిన చోట ఇంకా వంకర తిరిగే ఉంది.
ఈ ముసురుకి బుధవారం లోపు ఆరదు.
తడిదే కట్టుకెళ్తాను.